చల్లగది గోడ మీద రెండు పావురాలు

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు విజయనగరంలో ఒక ఆసుపత్రి సర్వర్ రూములో ఉండగా అందింది. ఆ గదిలో ఫోనుకి సిగ్నల్ రాదు. పని ముగించుకుని బయటికొచ్చి, వరసగా మిస్డ్ కాల్స్ చూసుకుని అప్పుడు కంగారుపడాల్సిన మనిషిని. కానీ లోపలికి వెళ్లేముందు అక్కడి హెడ్ నర్సుతో, "నేనీ గదిలో ఉంటాను, ఎవరైనా అడిగితే చెప్పండి" అని చెప్పి వెళ్లాను. మా ఆయన ఆసుపత్రి నంబరుకి ఫోన్ చేస్తే ఆవిడే వచ్చి తలుపు కొట్టింది. అలా చెప్పి వెళ్లడం నాకు అలవాటు చేసింది మావయ్యగారే. "ఆ గదిలోకెళ్తే లోకానికి నువ్వు కనపడవు, ఇనపడవు. ఎవులికో ఒకలికి సెప్పి ఎళ్లమ్మా" అనేవారు. తన చావు కబురు కోడలికి వేళకి అందేలా కూడా ఆయనే ఏర్పాటు చేసుకున్నట్టయింది. శ్రీకాకుళం బస్సులో అది తలుచుకుని ఏడ్చాను, మధ్యలో ఒకసారి నవ్వాను కూడా. పక్క సీటావిడ కొంచెం జరిగి కూర్చుంది.

పొద్దున్న ఇడ్లీ తిని, పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్లిపోయారట. కళ్లజోడు ముక్కు మీద అలాగే ఉందని అత్తయ్య పదిమందికీ చెప్పింది. నేను ఇంటికి చేరేసరికి ఆ కళ్లజోడు తీసి ఆయన బల్ల మీద, నూలు ఉండ పక్కన పెట్టారు.

ఆ నూలు ఉండ సంగతి చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి. ఆసుపత్రులు కట్టుకునేవాళ్లకీ, ఉన్నవాటిని పెంచుకునేవాళ్లకీ సర్వర్లు ఎక్కడ పెట్టాలో, వైర్లు ఎటు నుంచి పోవాలో, కరెంటు పోతే ఏది ఎంతసేపు నడవాలో మేం సలహా చెబుతాం. ఈ మధ్య ఒకటి రెండు చిన్న డేటా సెంటర్లకి కూడా చెప్పాం. మావయ్యగారు టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసి రిటైరయ్యాక మా ఇంటి ముందుగదిలో మొదలుపెట్టిన వ్యాపారం ఇది. నేను ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఒక కంపెనీలో కొన్నేళ్లు చేసి, పెళ్లయ్యాక ఇందులో చేరాను. నా దగ్గర లేజరుతో దూరం కొలిచే పరికరం ఉండేది. ఆయన దగ్గర నూలు ఉండ ఉండేది. వైరు వెళ్లే దారంతా, మలుపులతో సహా, నూలు పట్టుకుని నడిచేవారు. చివరికి ఆ నూలు కొలిస్తే ఎంతొస్తుందో వైరు అంత. నా లేజరు లెక్కకి రెండుసార్లు వైరు చాలలేదు. ఆ తర్వాత నేను కూడా ఒక నూలు ఉండ కొనుక్కున్నాను, ఆయన చూడకుండా.

ఆయనతో నా మొదటి ఇబ్బంది భాష. నేను పుట్టింది విజయనగరంలోనే అయినా, హైదరాబాదు వెళ్లొచ్చాక కొంచెం పట్నం దాన్నయ్యాను, ఒప్పుకుంటాను. పెద్ద పెద్ద డాక్టర్ల ముందు ల్యాప్‌టాప్ తెరిచి నేను ఇంగ్లీషులో బొమ్మలు చూపిస్తుంటే, ఆయన మధ్యలో, "డాట్రుగారూ, అదంతా సరేగాని, ఈ గదిలో ఏటన్నా అయితే ముందు ఎవులొస్తారండీ?" అని అడిగేవారు. ఇంజనీర్ని పిలుస్తామని వాళ్లనేవారు. "ఇంజనీరు ఇసాపట్నం నుంచి రావాల. ఆడొచ్చేలోగా ఎవులొస్తారు?" నేను నేలచూపులు చూసేదాన్ని.

ఆ ప్రశ్నకి జవాబు ఆయనే వెతుక్కునేవారు. శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రికి మేం పనిచేసినప్పుడు, క్యారేజీలో పెరుగన్నం కట్టించుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, సర్వర్ రూము ఎదుట బెంచీ మీద రెండురోజులు కూర్చున్నారు. ఆ తలుపు ముందు నుంచి ఎవరు ఎన్నిసార్లు వెళ్తున్నారో చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకున్నారు. డాక్టర్లవి అసలు లేవు. నర్సులవి కొన్ని. పేజీ నిండా ఉన్న గీతలన్నీ ఒకే మనిషివి. ఆమె రూతమ్మ, ఆ అంతస్తు తుడిచే ఆయా.

"అయితే మన గోడ మీద రాత రూతమ్మ కోసం" అన్నారు మావయ్యగారు.

రూతమ్మకి చదువొచ్చు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం ఆడవాళ్ల తరఫున వాక్యం చదివేది ఆమే. మావయ్యగారు ఏం చేయాలో కాగితం మీద రాసి ఆమెచేత పైకి చదివించారు. ఎక్కడ తడబడితే అక్కడ కొట్టేసి మళ్లీ రాశారు. ఆయన "ఎత్తండి" అని రాస్తే ఆమె బైబిలు చదివిన అలవాటుకొద్దీ "ఎత్తుము" అని చదివేది. "తెరవండి" అంటే "తెరువుము". నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆమె నోటికి ఎలగొస్తే అలగే రాద్దాం. కంగారులో సదవాల్సింది ఆమే గదమ్మా" అన్నారు.

ఆ రాత స్టిక్కరు వేయిద్దామని నేనంటే ఒప్పుకోలేదు. సాలూరు నుంచి, లారీల వెనకాల అక్షరాలు రాసే పెయింటరుని పిలిపించారు. "లారీ ఎనకాల రాత దుమ్ములో, పరుగులో కూడా సదవగలం. నీ స్టిక్కరు కళ్లజోడు ఎట్టుకున్నా కానరాదు" అన్నారు. పెయింటరు రోజంతా కూర్చుని, సర్వర్ రూము తలుపు పక్కన, బయటి తెల్లగోడ మీద ఎరుపూ పసుపూ ఎనామిల్‌తో జానెడేసి అక్షరాలు రాశాడు.

తలుపు తెరచి ఉంచుము. స్టూలు అడ్డముగా పెట్టుము.
ఎర్ర మీట పడిపోయి ఉన్నచో పైకి ఎత్తుము.
ఫ్యాను వేసి నల్లబీరువాల వైపు తిప్పుము.
మరి దేనినీ ముట్టకుము. ఫోను చేయుము.

ఎర్ర మీటంటే తలుపు పక్కనే ఉన్న ఏసీ బ్రేకరు, నల్లబీరువాలంటే సర్వర్ ర్యాకులు. రాత అయ్యాక కింద మూల ఖాళీగా ఉండిపోయిందని, ఎవరూ అడక్కుండానే, లారీ మీద వేసినట్టు రెండు పావురాలు కూడా వేసేశాడు. ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నేను ఆసుపత్రివాళ్లు ఏమంటారోనని కంగారుపడితే, "పావురాలు కరెంటేటి తాగవు గదా, ఉండనీ" అన్నారు మావయ్యగారు. ఆ గదికి రూతమ్మ పెట్టిన పేరు చల్లగది. డాక్టర్లు కూడా అదే అనడం మొదలుపెట్టారు. నన్ను మాత్రం అందరూ కోడలమ్మ అనేవారు. నా డిగ్రీ ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కొన్నాళ్లకి ఆ ఆసుపత్రికి ఏదో నాణ్యతా సర్టిఫికెట్ కోసం బయటినుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని తెలిసింది. చల్లగది కూడా చూస్తారట. ఆ లారీ అక్షరాల ముందు నిలబడి, ఇది మేం చేసిన పనేనని చెప్పుకోవడం నా వల్ల కాదనిపించింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేనే తెల్లటి స్టిక్కర్ షీటు మీద ఇంగ్లీషులో బాక్సులు, బాణాలు ప్రింటు తీయించి, ఒక ఆదివారం వెళ్లి గోడకి అంటించేశాను. కింద మూలకొచ్చేసరికి పావురాలు అడ్డొచ్చాయి. వాటిని కప్పడానికి మాత్రం చెయ్యి రాలేదు. వాటి చుట్టూ కత్తెరతో గుండ్రంగా కోసి వదిలేశాను. తనిఖీవాళ్లు వచ్చారు, వెళ్లారు. గోడకేసి ఎవరూ చూడనే లేదు.

షీటు పీకేద్దాం, పీకేద్దాం అనుకుంటూనే తుపాన్ల కాలం వచ్చేసింది.

ఆరోజు మధ్యాహ్నం నేను రైల్లో ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం వస్తున్నాను. దారికి అడ్డంగా చెట్టు పడిపోయి ఆటో ఆగిపోయింది. గాలి, వాన. మావయ్యగారు సాలూరులో ఉన్నారు, ఆయన ఫోను కలవడం లేదు. అప్పుడు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నర్సు ఫోనులో రూతమ్మ.

"కోడలమ్మా, సల్లగది తలుపు ఎచ్చగున్నాది."

తుడుస్తూ వెళ్లినప్పుడల్లా ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి చూడమని మావయ్యగారు ఆమెకి చెప్పి ఉంచారు. కరెంటు పోయింది, జనరేటరు వచ్చింది, కానీ ఆ గది ఏసీ మళ్లీ మొదలవలేదు. లోపల వేడి పెరిగితే సర్వర్లు వాటంతటవే ఆగిపోతాయి. అవి ఆగితే పుట్టిన పిల్లల వార్డులో నర్సు ముందున్న పెద్ద తెర ఆరిపోతుంది. ఉన్నది ఒక్క నర్సు. అన్ని పడకల్లోని పసివాళ్లనీ ఆమె చూసుకునేది ఆ తెర మీదే. ఎలక్ట్రీషియన్ జనరేటరు దగ్గర ఉన్నాడు, ఫోనెత్తడం లేదు.

నేను కంగారులో ఏం మాట్లాడానో నాకే తెలీదు. ప్యానెల్ అన్నాను, బ్రేకర్ అన్నాను, థర్డ్ ఫ్రమ్ లెఫ్ట్ అన్నాను.

"అయేటో నాకు తెలవదమ్మా" అంది రూతమ్మ. "గోడ మీద సారు రాయించింది ఉండీది గదా, దాన్ని కప్పీసినారు. ఇదంతా ఇంగిలీసు."

"పీకెయ్ రూతమ్మా!" అని అరిచాను. "దాన్ని పీకెయ్!"

"ఎక్కడ పట్టుకోవాలమ్మా, అతుక్కుపోనాది... ఉండు, పావురాల కాడ అంచు దొరికింది."

ఫోనులో చర్రున చిరుగుతున్న చప్పుడు. తర్వాత రూతమ్మ గొంతు, ఆదివారం గొంతు, ఎక్కడా తొందర లేకుండా: "తలుపు తెరచి ఉంచుము. స్టూలు అడ్డముగా పెట్టుము." స్టూలు ఈడ్చిన చప్పుడు. "ఎర్ర మీట పడిపోయి ఉన్నచో పైకి ఎత్తుము." ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ క్షణంలో నాకు తెలిసిన దేవుళ్లందరికీ, తెలియని ఆమె దేవుడికి కూడా దణ్ణం పెట్టుకున్నాను. "ఎత్తినాను కోడలమ్మా. గుర్రుమంటన్నాది. సల్లగాలి వస్తన్నాది" అంది. తెర ఆరలేదు. నేను ఆ వానలో, ఆటోలో, డ్రైవరు వింతగా చూస్తుంటే పెద్దగా ఏడ్చేశాను.

మర్నాడు మావయ్యగారు వచ్చి చూశారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "ఎవులమ్మా ఆ కాయితం అంటించింది?" అన్నారు మామూలుగా.

"ఆసుపత్రి ఆఫీసువాళ్లు అయ్యుంటారు మావయ్యగారూ" అన్నాను. ఎలా వచ్చిందో నోటికి, వచ్చేసింది.

"అలగా" అన్నారు. కాఫీ తాగి, బల్ల సొరుగులోంచి, గీతలు పెట్టుకునే ఆ చిన్న పుస్తకం తీసి నా ముందు పెట్టారు. "ఇక మీదట గోడ రాతలు నువ్వే రాయమ్మా. నాకు సూపు ఆనడం లేదు."

నేను ఫోనులో సమయానికి పీకెయ్యమన్నందుకు మెచ్చుకుని ఇచ్చారనుకున్నాను. మెచ్చుకోలు సంతోషంగానే పుచ్చుకున్నాను, అబద్ధం మాత్రం ముల్లులా లోపల ఉండిపోయింది. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. కలిసి వెళ్లిన ప్రతి బస్సులోనూ అనుకున్నాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలిచి నా చేతిలో సగం పోసేవారు. అంత హాయిగా ఉన్నప్పుడు ఎందుకులే, దిగాక చెబుదాం అనిపించేది. దిగాక పని ఉండేది. అలా ఏళ్లు గడిచాయి. "మిషను పాడవడం తప్పు కాదండీ, పాడయినట్టు మనిషికి తెలవకపోడం తప్పు" అని ఆయన డాక్టర్లకి చెప్పినప్పుడల్లా నేను వేరే వైపు చూసేదాన్ని.

ఆయన పోయిన పదోరోజున రూతమ్మ మా ఇంటికి వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఫొటో ముందు కాసేపు నిలబడి, నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పాస్టరుగారి తరవాత నా సదువు కూకుని ఇన్నది సారొక్కరే" అంది. ఇక నేను ఆగలేకపోయాను.

"రూతమ్మా, ఆ గోడ కప్పింది నేనే. ఆఫీసువాళ్లు అంటించారని ఆయనతో అబద్ధం చెప్పాను. నిజం చెప్పకుండానే ఆయన పోయారు."

రూతమ్మ నా మొహంలోకి చూసింది. చావింట్లో నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"ఓలమ్మా, సారుకి తెలుసు గదా! మరసనాడు వచ్చి, నేను పీకీసిన కాయితం ఎత్తి సూసినారు. అడుగున పావురాల సుట్టూ గుండ్రంగా కత్తిరించున్నాది గదా. 'ఆపీసోలయితే ఈటిని కూడా కప్పీసుందురు రూతమ్మా, ఇది మా కోడలి పనే' అనీసి ఒకటే నవ్వు. నీకు సెప్పొద్దన్నారు, సిగ్గుపడిపోతావని. 'పావురాలని ఒదిలీసింది గదా, రాతలెందుకో కూడా ఆమెకే తెలుస్తాది' అన్నారమ్మా."

ఆ మాటలన్న రోజు సాయంత్రమే ఆయన నాకు పుస్తకం ఇచ్చారు. నేను చెప్పిన అబద్ధం విని, కాఫీ తాగి, ఇచ్చారు. అది మెచ్చుకోలు కాదని ఇన్నేళ్లకి అర్థమైంది. అంతకంటే చాలా పెద్దది. సిగ్గుగా ఉంది, దానికి మించి సంతోషంగా ఉంది. ఇలాంటి మనిషి ఇంటికి కోడలినయ్యానని ఆరోజు ఫొటో ముందు కూర్చుని గర్వపడ్డాను.

పోయినవారం మళ్లీ విజయనగరం వెళ్లాను, ఆయన కబురు అందిన ఆసుపత్రికే. సాలూరు పెయింటరు వచ్చి ఉన్నాడు. జుట్టు నెరిసింది గానీ చెయ్యి ఇంకా వణకడం లేదు. "ఏటి రాయాలమ్మా?" అన్నాడు. ఏం రాయాలో ఇంకా తేలలేదని, ముందు పావురాలు వేసెయ్యమని చెప్పాను. అతను కింద మూల గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టాడు. నేను ఎదుట బెంచీ మీద, ఆ అంతస్తు తుడిచే ఆయమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, నా కాగితం ఆమె చేతికిచ్చాను. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, కూడబలుక్కుని చదివింది. తెల్లటి గోడ ఇంకా ఖాళీగా ఉంది. అడుగున రెండు పావురాల రంగు ఇంకా ఆరలేదు. రెండో వాక్యం దగ్గర ఆయమ్మ ఆగిపోయి నావైపు చూసింది. నేను ఆ వాక్యం కొట్టేసి, "దీన్ని నువ్వయితే ఎలా అంటావమ్మా?" అని అడిగాను.