అంతయ్య తొట్టిలో నీలవేణి బుడగలు

అజీజ్‌నగర్ రిసార్టులో చేపలను సాకిన అంతయ్య పోయాక, చిన్న మంగళారంలోని ఆ ఇంట్లో ఆయన గుర్తుగా మిగిలినవి ఒక పాత గాజు తొట్టి, నీళ్లలోకి గాలి ఊదే చిన్న మోటరు. భార్య ముత్తమ్మ వాటిని చూసి కళ్లు తుడుచుకునేది. కూతురు నీలవేణి మాత్రం తొట్టిలో నీళ్లు నింపింది.

నీలవేణిది మొయినాబాద్ కాలేజీలో ఇంజనీరింగు ఆఖరి ఏడాది. తోటివాళ్లు సాఫ్ట్‌వేర్ కొలువులంటూ హైటెక్ సిటీ బస్సులెక్కుతుంటే, ఈ పిల్ల కాలేజీ ప్రాజెక్టు కింద నీళ్లలో బుడగ ఎట్లా లేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, తొట్టిలోని బుడగతో సరిచూస్తానని కూర్చుంది.

"బుడగల సదువుకు నౌకరిస్తరా బిడ్డా?" అంది ముత్తమ్మ బీడీలు చుడుతూ.

"ఇయ్యకుంటె నీ బీడీలు చుడ్త తియ్యవ్వా. ముందుగాల రెండు బుడగలు ఒక్క తీరుగ పోవాలె."

దసరా దాకా ఒక్క తీరుగానే పోయాయి. పండగ వెళ్లాక కంప్యూటర్ బుడగ ఎప్పటిలా సర్రున లేస్తుంటే, తొట్టిలోది బరువెత్తుకున్నట్టు మెల్లగా లేవసాగింది. ప్రాజెక్టు చూపించే రోజు ముంచుకొచ్చింది. తప్పితే ఏడాది పోతుంది.

"కంప్యూటర్ అంకెలే తొట్టివని రాసెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు కాలేజీలో ఆమె ప్రాజెక్టు చూసే ప్రభాకర్ సారు.

"ఆ తొట్టి మా బాపుది సార్. దాని పేరు మీద అబద్ధం రాయ."

ఇంటికొచ్చి మోటరు విప్పి చూసింది, గొట్టం మార్చింది. చివరికి తొట్టి అంచున ఉన్న పసుపు బొట్టు దగ్గర చూపు ఆగింది.

"అవ్వా, దసరకు దీన్ని కడిగినవా?"

"కడగకుండ బొట్టెట్ల పెడ్త? బాపు పనిముట్టు గదా. కుంకుడు రసంతోని తళతళ తోమిన." అంటూనే ముత్తమ్మ బెదిరిపోయింది. "ఖరాబు జేసిన్నా బిడ్డా?"

నీలవేణికి నవ్వొచ్చింది. గాజుకు మిగిలిన కుంకుడు నీళ్లలో కలిసి బుడగకు పొరలా పడుతోంది. పొర పట్టిన బుడగ బిరుసెక్కి నిదానిస్తోంది.

"ఖరాబేంది? నా కంప్యూటర్ల నీళ్లు మరీ సాఫుగున్నయ్. గసుంటి నీళ్లు లోకంల యాడుంటయవ్వా?"

తొట్టిని మంచినీళ్లతో కడిగి కడిగి చూసింది. బుడగలు కలిశాయి. అంతటితో ఊరుకోలేదు. తల్లి చేతనే మళ్లీ కాస్త కుంకుడు రసం వేయించి, కంప్యూటర్‌లోని బుడగకూ ఆ పొర తొడిగింది. ఈసారి రెండూ మెల్లగానే, జంటగా లేచాయి.

"ఈ రెండో రకం నీళ్లేంటి?" అని అడిగాడు పరీక్షకొచ్చిన పెద్ద సారు.

"మా అవ్వ దసరకు తొట్టి కడిగిన నీళ్లు సార్," అంది నీలవేణి తలెత్తి. ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పించుకుని విన్నాడు, ప్రాజెక్టు నెగ్గించాడు.

మరుసటి దసరాకు ముత్తమ్మ తొట్టి ముందు చెంబుతో నిలబడింది. "ఉత్త నీళ్లతోనే కడగాల్నా?"

"కుంకుడుతోనే తోమవ్వా. దాని లెక్క గూడ ఇప్పుడు నాకొస్తది."