తొమ్మిది బండ్ల నెంబర్లు

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. అంబులెన్సు తోలడానికి నా కళ్లు పనికొస్తాయని డాక్టరుతో సంతకం చేయించుకోవడం కోసం, ఆయన క్లినిక్కు ఆవరణలో నిలిపిన తొమ్మిది బండ్ల నెంబర్లు పొద్దున్నే పోయి బట్టీ పట్టాను. పదో తరగతిలో ఈ శ్రద్ధ చూపించి ఉంటే ఆ డాక్టరు కుర్చీలో నేనే కూర్చుని ఉండేవాణ్ణేమో.

ఇరవై రెండేళ్లు పత్తికొండ మార్కెట్టు నుంచి టమోటా లారీ తోలిన వాణ్ణి. టమోటాలతో ఒక సుఖం ఉంది. గుంతలో దింపినా, సడన్ బ్రేకు కొట్టినా వెనకనుంచి ఒక్కటీ మూలగదు. ఊరూరూ తిరిగి నడుము పోయాక, ఒకేచోట ఉండే పని దొరికితే బాగుండు అనుకుంటున్న రోజుల్లో మా దగ్గర ఒక ధర్మసంస్థ అంబులెన్సు కొన్నది. డ్రైవరు ఒక్కడే కావాలన్నారు. అడిగినవాళ్లం ఇద్దరం. రెండో ఆయన మా పక్క ఊరి చర్చి జీపు తోలేవాడు, నాకంటే రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఎవరు ముందు డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే వాళ్లకే పని, ఇద్దరూ ఒకే రోజు తెస్తే అప్పుడు చూద్దాం అన్నారు సంస్థ వాళ్లు.

నేను పరీక్షకు తయారైన తీరు చూస్తే ఏ ఒలింపిక్సుకో పోతున్నాననుకుంటారు. రెండు వారాలు ఉప్పు తగ్గించాను. టీ మానేశాను. ఊరగాయ జాడీ వైపు చూడటం కూడా మానేశాను. తెల్లారగానే చేతులు ఊపుకుంటూ రోడ్డెంబడి నడిచాను. బీపీ దిగాలి, షుగరు దిగాలి, డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే ఇంజను సౌండు విని మురిసిపోవాలి. ఇదంతా చూస్తూ మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"గుండెకాయకు, నెత్తురుకు, ఉచ్చకు అన్నిటికీ తయారవుతాండావు. కండ్లకేం చేస్తాండావు?"

"నా కండ్లకేమైంది?"

"మొన్న గోడమింద బల్లిని గోడకు కొట్టిన మేకు అనుకోని చొక్కా తగిలీబోతివి కదా."

"అది కదలకుండా ఉండాది. ఎవరైనా మేకే అనుకుంటారు."

"సరేలే. రోడ్డుమింద అన్నీ కదుల్తాంటాయి, నీకేం భయం లేదు."

నాకు దూరం ఆనడం లేదని నాకు రెండేళ్లుగా తెలుసు. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు మసకగా కనిపించేది. ఫలానా టైముకు ఫలానా బస్సే వస్తుందన్న అనుభవంతో చదివేసేవాణ్ణి. కండ్లద్దాలు పెట్టుకుంటే తీరిపోయే సంగతి. ఇంకా తమాషా ఏమంటే, అద్దాలు పెట్టుకుని చదివినా చెల్లుతుందని ఆ సర్టిఫికెట్టు ఫారంలోనే రాసి ఉంది. పట్టపగలు మంచి వెలుతురులో, ఇరవై ఐదు మీటర్ల దూరాన, అవసరమైతే అద్దాలతో, బండి నెంబరు ప్లేటు చదవగలవా అన్నదే ప్రశ్న. అద్దాల షాపుకు పోయి కూర్చుంటే గంట పని. కానీ అద్దాలు పెట్టుకున్న డ్రైవర్ని చూస్తే మా లారీ స్టాండులో ఎన్ని మాటలంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాటల్లో సగం నేను అన్నవే. ఆ పరువు కాపాడుకోవడం కోసం దొంగ పని చేయడం నాకు చాలా గౌరవంగా తోచింది.

డోన్‌లో ఆ డాక్టరు ఫారంలో రాసినట్టే పరీక్ష పెడతాడని తెలుసుకున్నాను. వరండాలో గీత దగ్గర నిలబెట్టి, ఆవరణలో ఆ చివర గోడవారగా రోజంతా నిలిపి ఉండే బండ్లలో ఏదో ఒకటి చూపించి చదవమంటాడట. క్లినిక్కు పది గంటలకు. నేను తొమ్మిది కాకముందే అక్కడున్నాను. రంగు, ఆకారం నాకు దూరానికి కూడా తెలుస్తాయి. కాబట్టి ఎర్ర కారుకు ఈ అంకెలు, సీటు చినిగిన స్కూటరుకు ఆ అంకెలు అని ఒక్కోదాని ముందు వంగి వంగి పెదాలు కదిలిస్తూ తిరిగాను. వాచ్‌మన్ కొంతసేపు చూసి లేచి వచ్చాడు.

"ఏమప్పా, ప్రదక్షిణాలు చేస్తాండావు? ఏ బండి ఎత్తకపోదామని?"

"నాది యాడ పెట్టినానో మర్చిపోయినా."

"నువ్వు దిగిన బండి గేటు బయట ఉండాది కదప్పా. నేను చూస్తినే."

"అదే, అదే," అని నవ్వి, అతని వెనక ఉన్న తెల్లకారు నెంబరు కూడా పనిలో పనిగా బుర్రకెక్కించుకున్నాను.

చర్చి జీపు అన్న పదికి బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితాలు. ముందు ఆయన్నే పిలిచారు. బీపీ, గుండె అన్నీ బాగున్నాయి. వరండాలోకి తెచ్చి డాక్టరు తెల్లకారు చూపించాడు. నాలుగడుగుల దూరంలో నేను బెంచీ మీద ఉన్నాను. ఆ నెంబరు నాకు నోటికి వచ్చిన పద్యం లాంటిది. ఆయన తల అటు వంచి, ఇటు వంచి, కళ్లు చికిలించి చూశాడు.

"సార్, మొదటి అంకె మూడో ఎనిమిదో తెలీడంల్యా. ఊరికే ఏదో ఒకటి చెప్తే తప్పవుతాది."

"అద్దాలు పెట్టించుకోని రా అప్పా. వచ్చే వారం చూద్దాం."

"సరే సార్. శానా సంతోషం." నిజంగానే సంతోషంగా ఉన్నాడు, కళ్లలో లోపం ఉందని చెప్పినందుకు! పాపం, ఈ మనిషికి లోకజ్ఞానం లేదు అనుకున్నాను నేను.

నన్ను పిలిచారు. స్కూటరు చూపించారు. వెంటనే చెప్పేస్తే అనుమానం వస్తుందని మూడో అంకె దగ్గర కొంచెం ఆగి, కనుబొమలు ముడిచి, ఆపైన గడగడా అప్పజెప్పాను. "మంచి చూపు," అని డాక్టరు సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. అద్దాలు లేకుండా అని కూడా రాశాడు. కాగితాలన్నీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

పని నాదే అయిపోయింది కనుక ఆ అన్న మీద నాకు జాలి కూడా వచ్చింది. బస్సుకు ఆలస్యమవుతుంది, నా మోటారుసైకిలెక్కు అన్నా, దింపుతా అన్నాను. ఓడిపోయిన వాణ్ణి ఇంటిదాకా దింపడం ఎంత పెద్ద మనసు!

కందుల కాలం. రోడ్డుకు ఒక పక్క రైతులు కందులు ఎండబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. ఊర్లు దాటి దాటి పోతున్నాం. వెనకనుంచి ఆయన అన్నాడు.

"అప్పా, ముందర రాళ్లుండాయి."

"చూసినాలే అన్నా."

నేను చూడలేదు. కందులూ, రాళ్లూ, తారురోడ్డూ నాకు ఒకే మసక. ఆయన "అప్పా, అప్పా" అని భుజం పట్టుకునేసరికి ముందు చక్రం రాయిని కొట్టింది. కందుల మీద బండి జారింది. పొరకతో కందులు దగ్గరికి ఊడుస్తున్న ఒక ముసలామె పక్కకు దూకింది. దూకకపోతే ఏమయ్యేదో రాయడానికి నాకు చేతులు రావు. హ్యాండిలు ఆమె చీర కుచ్చెళ్లకు తగిలి ఆగింది.

నాకు మోకాలు గీరుకుపోయింది అంతే. ఆయన ఎడమ చెయ్యి ఆనించి పడడంతో మణికట్టు చూస్తుండగానే వాచింది. ముసలామె కొంతసేపు గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి అందగానే మొదలుపెట్టింది.

"ఏం నాయనా, ఇంత పొడుగు కుప్ప కనపల్లేదా? ఇంత లావు మనిషిని నేను, నేనూ కనపల్లేదా?"

"పొద్దు కండ్లలో పడిందమ్మా," అన్నాను.

"పొద్దా? యాడుండాది పొద్దు? మధ్యాన్నం నుంచి మబ్బు పట్టి కందులు ఎండక నేను ఏడుస్తాంటే!" అని ఆకాశానికి పొరక చూపించింది. "ఇంతకూ యాడికి పోయొస్తాండారు?"

నేను బండి ఎత్తడానికి వంగాను. అన్న మణికట్టు పట్టుకుని చెప్పాడు. "కండ్ల పరీక్షకు పోయినాం అవ్వా."

"ఈయప్ప ఫెయిలైనాడా?"

"లేదవ్వా. ఈయప్ప పాసైనాడు. ఫెయిలైంది నేను."

ఆమె నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "అయితే బండి నువ్వు తోలాల్సింది నాయనా," అంది ఆయనతో.

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నొప్పికి ముఖం ముడుచుకుని మళ్లీ నవ్వాడు. తర్వాత రాయి మీద కూర్చుని, మామూలు గొంతుతోనే అడిగాడు. "మొత్తం ఎన్ని నెంబర్లు నేర్చుకున్నావప్పా?"

"నీకెట్ల తెలుసు?"

"వాచ్‌మన్ చెప్పినాడు. ఎవరో తొమ్మిదికే వచ్చి బండ్ల ముందర సంధ్యావందనం చేసినాడని."

"మరి డాక్టరుకు చెప్పలేదే?"

"నేనెందుకు చెప్పాల? నీ నోరు నీకుండాది కదా." వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను నీ ఎనక కూర్చున్నా కాబట్టి రాళ్లుండాయని చెప్పినా. రేపు నీ ఎనక పడుకున్నోడు లేచి చెప్తాడా?"

లారీ స్టాండులో ఇరవై రెండేళ్లు ఎవరికీ మాట పడని వాణ్ణి. ఆ పూట పడ్డాను. ఆ సంస్థ వాళ్లు మా ఊళ్ల జనం కోసమే కదా ఆ బండి కొన్నది. అందులో పడుకునేది ఈ ముసలామే కావచ్చు, మా ఆవిడే కావచ్చు. వాళ్ల ప్రాణం నా చేతికిచ్చి కళ్లు మూసుకుంటారు. నేను తెరిచిన కళ్లతో కూడా చూడలేను.

దారిన పోయే ఆటో ఆపి అన్నను ఆస్పత్రికి ఎక్కించాను. నేనూ వస్తానంటే, "ముందు అవ్వ కందులు ఎత్తు," అన్నాడు. పొరక తీసుకుని రోడ్డు మీద చెదిరినవి ఊడ్చాను. మట్టీ గులకరాళ్లూ కలిసినవి చేటతో చెరిగాను. ఆమె పక్కనే కూర్చుని, "అదిగో ఆడ రాయి. ఇదిగో ఈడ ఇంకోటి. అయ్యో, అది కంది నాయనా, పారేయద్దు," అని చెబుతూనే ఉంది. పొద్దు గుంకే వేళకు సంచి మూతి కట్టి ఆమె ఇంటి అరుగు మీద దించాను. మోటారుసైకిలు ఆ వాకిట్లోనే వదిలి బస్సులో ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున డాక్టరు ముందు సర్టిఫికెట్టు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశాడు.

"ఎన్ని బండ్లు?"

"తొమ్మిది సార్."

"మా కాలేజీలో కూడా ఇంత కష్టపడి చదివినోళ్లు తక్కువ," అని సంతకం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. "ఆ ముసలామెకు ఏమైనా అయ్యింటే ఈ సంతకం నాది కదప్పా."

అక్కణ్ణుంచి నేరుగా అద్దాల షాపుకు పోయాను. అద్దాలు చేతికొచ్చాక సంస్థ ఆఫీసుకు పోయి, నా సర్టిఫికెట్టు ఎందుకు రద్దయిందో, అన్న మణికట్టు ఎందుకు వాచిందో రెండూ చెప్పాను. ఆయన కట్టు విప్పేదాకా పని ఆయన కోసం ఆపమని అడిగాను. నా దరఖాస్తు నేనే వెనక్కి తీసుకున్నాను. సరేనన్నారు.

కట్టు విప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలూ చర్చి జీపు నేనే తోలాను. నడవలేని పెద్దవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, చెయ్యి పట్టి దింపి, ప్రార్థన అయ్యాక మళ్లీ ఇళ్లకు చేర్చాను. కట్టు చేతితో, కొత్త అద్దాలతో ఆయన నా పక్క సీట్లో కూర్చునేవాడు. నేను అద్దాలు పెట్టుకున్నా కూడా, దారిలో రాయి కనిపించిన ప్రతిచోటా పైకి చెప్పమన్నాడు. చెప్పాను.