బోల్టు బావ బండి

బోల్టు బావకు కదిలే వస్తువంటే పడదు. కంటపడిన ప్రతిదానికీ బోల్టు వేసి బిగించేస్తాడు. వాళ్లింట్లో కుర్చీలు నేలకు, చెప్పుల స్టాండు గోడకు, చక్కెర డబ్బా అలమారకు అతుక్కుని ఉంటాయి. ఓసారి భోజనానికెళ్లిన బావమరిది కుర్చీని ముందుకు లాక్కోబోయి, నడుం పట్టేసి మంచమెక్కాడు. పరామర్శకు వచ్చిన బావ, "మంచం ఊగుతోందిరా" అంటూ జేబులోంచి స్పానరు తీశాడు.

"నీ ఇంట్లో కదిలేది గడియారం ముల్లొక్కటే బావా!"

"అదీ తప్పు టైమే చూపిస్తోందిరా. ఆలోచిస్తున్నా."

అలాంటి బావ సరుకులు మోసే పాత వ్యాను కొని, అందులో మంచం, బల్ల, స్టవ్వు అమర్చాడు. భార్యను, అంటే బావమరిది అక్కను, దేశమంతా తిప్పుతాడట. బావమరిది ఊరంతా చాటింపేశాడు: "దానికెన్ని బోల్టులంటే, పక్కవీధిలో అయస్కాంతం పెడితే చాలు, పెట్రోలు లేకుండా వచ్చేస్తుంది!"

అయితే దాన్ని క్యాంపర్‌గా, అంటే ఇల్లులా ఉండే బండిగా, రిజిస్టరు చేయించాలి. రవాణా ఆఫీసులో మొదటి కిటికీ గుమాస్తా, "సరుకుల బండిలో మంచం ఉండకూడదు. ముందు క్యాంపర్‌గా మార్పించుకోండి" అన్నాడు. రెండో కిటికీ గుమాస్తా, "మంచం లేనిదే క్యాంపర్‌గా మార్చం" అన్నాడు. తిరిగి తిరిగి బావ చెప్పులు అరిగాయి. ఆఫీసులో ఊగే బల్లలన్నీ మాత్రం బిగుసుకున్నాయి.

ఎట్టకేలకు తనిఖీ రోజు వచ్చింది. అక్క ముందు సీట్లో కూర్చుంది. తమాషా చూద్దామని బావమరిదీ బండెక్కాడు. ఇన్‌స్పెక్టరు మంచం ఊపాడు, కదల్లేదు. బల్ల ఊపాడు, కదల్లేదు. టీపొడి డబ్బా ఎత్తబోయాడు, అదీ కదల్లేదు.

"మంచం, బల్ల, స్టవ్వు బిగించాలని రూలుంది. టీపొడి బిగించాలని ఎక్కడుందండీ?"

"బిగించకూడదని ఎక్కడుంది సార్?"

ఇన్‌స్పెక్టరుకు ఒళ్లు మండింది. ముందు సీటు నుంచి మంచం దాకా సాగిన ఇనప పైపు చూపించాడు. "ఇది మీరిచ్చిన డ్రాయింగులో లేదు. పీకేయండి."

"పీకను సార్."

"ఒక్క పైపేగా బావా! పీకి, ఇంటికెళ్లాక మళ్లీ బిగించుకో."

బావ మొండిగా తల అడ్డంగా ఊపాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. "అయితే ఇది సరుకుల బండే."

"ఉండండి సార్, టీ తాగి వెళ్దురుగాని" అంటూ ముందు సీట్లోంచి అక్క లేచింది. పైపు పట్టుకుని స్టవ్వు దగ్గరికి వచ్చింది. ఎడమ చెయ్యి సూటిగా టీపొడి మీద, కుడి చెయ్యి చక్కెర మీద పడ్డాయి. తడుముకోలేదు. టీ కాచి, కప్పు పట్టుకుని చెయ్యి చాచింది, ఇన్‌స్పెక్టరు ఇందాక నిలబడ్డ చోటికి. అక్కడెవరూ లేరు. ఆయన పక్కకు జరిగాడు మరి.

బావమరిది నోరు తెరుచుకుపోయింది. "అక్కా... నీకు కనబడట్లేదా?"

"అంచులు కొంచెం కనిపిస్తాయిరా. తెలిస్తే అందరూ అయ్యో అంటారని ఎవరికీ చెప్పనివ్వలేదు. మీరంతా మీ బావను చూసి నవ్వుకుంటుంటే, నా వైపు ఎవరూ చూడలేదు."

"హోటలైతే ఊరికో గదిరా" అన్నాడు బావ, ఎవరి ముఖమూ చూడకుండా. "ఇందులో ఊరు మారినా గది మారదు."

ఇన్‌స్పెక్టరు గబుక్కున పాత చోటికి జరిగి కప్పు అందుకున్నాడు. టీ తాగి, డ్రాయింగులో తన పెన్నుతోనే పైపు గీసి, కింద సంతకం పెట్టాడు.

"తప్పు నాదేనమ్మా. నేనే కదిలాను."

బావ చెయ్యి జేబులోకి పోయింది. బోల్టుల గలగల విని అక్క కంగారుపడింది.

"ఏవండీ, ఆయన్ని వదిలేయండి! ఆ ఆఫీసులో కదిలే మనిషి ఆయనొక్కరే!"