బండి పక్కన నడిచే మనిషి

ఆదివారం సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లో రైల్వే గుమస్తా కామేశం తన దగ్గరున్న ఒక్క పాత సినిమా ఆడించాడంటే, తెర వైపు చూడనివాడు అతనొక్కడే. గంజి పెట్టిన పంచె గోడకు బిగించి కడతాడు, బియ్యం డబ్బా మీద పాత ప్రొజెక్టరు ఎక్కిస్తాడు, మెయిలు దాటిపోయాక గాని మొదలుపెట్టడు. రైలు వెళితే ఇల్లంతా అదురుతుంది, అదిరితే రీలు పట్టు తప్పుతుంది. ఫిల్ము ఆగిందా, బల్బు వేడికి మాడిపోతుంది. అందుకే అతని కళ్లెప్పుడూ రీలు మీదే. మాడిన ముక్క కత్తిరించి మిగతాది అతికించుకోవలసిందే. ఆ ముక్కలతో పాటే పక్కింటి కోటేశ్వరి పిన్ని భర్తా కొంచెం కొంచెంగా పోతున్నాడు. కుర్రతనంలో మద్రాసు వెళ్లి, ఈ సినిమాలోనే ఆయన ఎడ్లబండి పక్కన నడిచే వేషం వేశాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలిన బొమ్మ అదొక్కటే.

ఈవేళ బండి తెర మీదికి వస్తుండగానే, వేళాపాళా లేని గూడ్సు ఒకటి కూత వేసింది. కిటికీ చువ్వలు గడగడలాడాయి. కామేశం ప్రొజెక్టరును రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. అరచేతులు చురచుర కాలుతున్నా వదల్లేదు. పాత అతుకు టక్కుమని దాటింది. గూడ్సూ దాటింది.

“తెగనేదు,” అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. “ఆయన్ని సూసినావా బాబూ? ఎలగ నడిసినారు?”

“దర్జాగా నడిసినారు పిన్నీ,” అన్నాడు కామేశం, చేతులు వెనక్కి దాచుకుని.

అతికించేటప్పుడు దీపానికి ఎదురుగా పెట్టి గోరంత బొమ్మగా చూడటమే గాని, ఆ మనిషి నడవగా అతను ఎన్నడూ చూడలేదు.