ఎవరూ తీయని గేదె ఫోటో

నవ్వితే నవ్వండి గానీ, ముందు ఆ టీ ఇటివ్వండి. నిన్న ఆఫీసులో పోయిన పరువు ఇంకా ఇంటికి చేరలేదు!

నా ఉద్యోగం మీకు తెలుసుగా. ఓ పెద్ద కంపెనీవాళ్ళు గచ్చిబౌలిలో పెట్టిన ఆర్కైవ్‌లో ఆర్కివిస్ట్‌ని. ఈ అద్దాల మేడలు లేవకముందు ఈ చుట్టుపక్కల ఎలా ఉండేదో చూపించే పాత ఫోటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు పోగేసి స్కాన్ చేసి దాచడం. మా అత్తగారి మాటల్లో చెప్పాలంటే, చెత్త ఏరుకునే ఉద్యోగం. అదీ మూడేళ్ళుగా కాంట్రాక్టే.

మొన్నామధ్య బాస్ ప్రసాద్ గారు పిలిచారు. "అరుణ గారూ, మన స్టాఫ్‌కి కాపీరైట్ చట్టం మీద ట్రైనింగ్ మీరే ఇవ్వాలి. హెడ్డాఫీసు నుంచి లీగల్ మేడం వచ్చి వింటారు. ఆవిడ ఓకే అంటే మీ పర్మనెంట్ లెటర్ వచ్చేసినట్టే" అన్నారు. వారం రోజులు నాకు అన్నం సయించలేదండీ.

ఉదాహరణ మాత్రం నా దగ్గర రెడీగా ఉంది. చనిపోయిన ఒక సర్వేయర్ గారి ఇంటినుంచి వచ్చిన పెట్టెలో దొరికిన ఫోటో. నానక్‌రామ్‌గూడలో పెద్ద బండరాయి. దాని మీద ఒక గేదె నిలబడి, నువ్వెవరివన్నట్టు కెమెరా వంక చూస్తూ ఉంటుంది. వెనకంతా ఖాళీ. ఇప్పుడక్కడ టవర్లు. వచ్చే నెల మా ఎగ్జిబిషన్‌కి పోస్టర్ అదే అనుకున్నాం.

చిక్కేంటంటే, ఫోటో మన చేతిలో ఉన్నంతమాత్రాన హక్కు మనది కాదు. వెనక పేరు లేదు, స్టూడియో ముద్ర లేదు. తీసిన మనిషి కోసం నిజాయితీగా వెతకాలి. దొరక్కపోతేనే వేరే దారి. వెతికానండీ! ఎనిమిది నెలలు! సర్వేయర్ గారి పిల్లలకి మెయిళ్ళు పెట్టా. అబిడ్స్‌లో పాత ఫోటో స్టూడియోలన్నీ ఎండలో తిరిగా. పేపర్లో ప్రకటన వేయించా. దేనికెప్పుడు ఏం చేశానో రాసిన ఫైలు ఇటుకంత అయింది.

ఇక నిన్న పొద్దున. కొత్త చీర కట్టుకున్న హడావుడిలో ఐడీ కార్డు మదీనాగూడలో మా డైనింగ్ టేబుల్ మీదే వదిలేశా. మా గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరి, యాభై దాటిన మనిషి. ఆయనకి రూలంటే రూలే.

"కార్డు లేకుంటే విజిటర్ రిజిస్టర్ల రాయాలె మేడం."

"మూడేళ్ళనించీ రోజూ చూస్తున్నావు కదయ్యా నన్ను!"

"మిమ్మల్ని చూస్తున్న మేడం. నేను చూడాల్సింది కార్డును గద."

తిట్టుకుంటూ పేరు, టైము, వచ్చిన పని గీకేసి, పాస్ లాక్కుని నాలుగో ఫ్లోర్‌కి పరిగెత్తా.

ట్రైనింగ్ అద్భుతంగా మొదలైంది. దిష్టి తగిలేంత! "ఒకరు తీసిన ఫోటోని వాళ్ళని అడక్కుండా ఇష్టమొచ్చినట్టు కోసెయ్యకూడదు" అన్నా. లీగల్ మేడం తల ఊపారు. "చదివించకుండా ఏ కాగితం మీదా ఎవరితోనూ సంతకం పెట్టించొద్దు" అన్నా. ఆవిడ నోట్ చేసుకున్నారు కూడా! ఆ ఊపులో గేదె స్లైడ్ వేసి, ఫైలు టేబుల్ మీద దబ్బున పడేసి, "ఈ ఫోటో తీసిన మనిషి కోసం నేను వెతకని చోటు లేదు" అన్నాను.

చూస్తే తలుపు దగ్గర యాదగిరి. చేతిలో రిజిస్టర్.

"మేడం, ఎవరిని కలవాలె అన్నకాడ ఖాళీ ఇడిచిన్రు. మా సూపర్‌వైజర్ చూస్తే లొల్లి చేస్తడు."

"తర్వాత యాదగిరీ, తర్వాత!"

ఆయన నన్ను చూడటంలేదు. తెర వంక చూస్తున్నాడు. "అగో! మా లచ్చి!"

"ఎవరు?"

"మా బర్రె మేడం. గీ ఫోటో నేనే తీసిన."

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వి, మహా తెలివిగా, "చూశారా, ఇలా ఎవరైనా రావచ్చు. అందుకే ఆధారం అడగాలి" అన్నాను. నా నోరు పడిపోనూ!

"ఎడమ పక్క నా సైకిల్ చక్రం సగం ఉండాలె. ఏది? కోసిన్రా?" అన్నాడు.

చక్రం ఉందండీ. గేదె పెద్దగా కనపడాలని స్లైడ్‌లో నేనే కోసేశా. లీగల్ మేడం లేచొచ్చి, ఫైల్లోంచి అసలు ఫోటో తీసి చూశారు. ఎడమ పక్కన, సగం చక్రం.

యాదగిరికి ఒకప్పుడు నానక్‌రామ్‌గూడలో చిన్న ఫోటో స్టూడియో ఉండేదట. ఏదో పెళ్ళి తీశాక రీల్‌లో ఒక్క ఫోటో మిగిలితే, వేస్ట్ ఎందుకని తన గేదెని తీశాడు. సర్వే సారు ముచ్చటపడి అడిగితే ఒక కాపీ ఇచ్చాడు. అందరి చేతికీ ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది. నెగెటివ్ ఇంట్లో బీరువాలో ఉందట.

"ఎనిమిది నెలలు వెతికారు. మీ గేటు దగ్గర అడిగారా?" అన్నారు లీగల్ మేడం.

నేను నోరు తెరిచేలోపు యాదగిరే అందుకున్నాడు. "మేడంను ఏమనకుండ్రి. ఎండల గంత తిరుగుతున్నరు, ఏం ఎతుకుతున్నరు మేడం అని నేనే ఓసారి అడిగిన. లీగల్ మ్యాటర్, నీకు అర్థం కాదులే అన్నరు."

పాపం, నన్ను కాపాడదామనే చెప్పాడండీ! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిందట ఒకావిడ. ఆవిడ నయం. చంకలో బిడ్డని నీకు అర్థం కాదులే అనైతే అనలేదు.

"ఈయన సంతకంతో పర్మిషన్ తీసుకురండి. మీ లెటర్ సంగతి ఆ తర్వాత చూద్దాం" అనేసి లీగల్ మేడం లంచ్‌కి వెళ్ళిపోయారు. ప్రసాద్ గారు నా వైపు చూడనైనా లేదు.

మెట్ల మీద యాదగిరి వెంటపడ్డా. "యాదగిరి గారూ! ఒక్క నిమిషం!" మూడేళ్ళలో రాని 'గారు' ఎంత తొందరగా వచ్చిందో చూడండి. నాకే సిగ్గేసింది.

"సంతకమే గదా మేడం, పెడ్త. ఫికర్ చెయ్యకుండ్రి. గానీ చక్రం మళ్ల పెట్టాలె. కింద నా పేరు రాయాలె, లచ్చి పేరు గూడ. కాయితం మా బిడ్డ చదివినంక పెడ్త. చదవకుండ పెట్టొద్దని మీరే చెప్తుంటే తలుపుకాడ ఇన్న."

ట్రైనింగ్‌లో నా మాట విన్నది ఆయనొక్కడే అన్నమాట.

ఇవాళ పొద్దున మెళ్ళో ఐడీ కార్డు వేసుకునే వెళ్ళా. అయినా నేరుగా రిజిస్టర్ దగ్గరికి నడిచా. పేరు రాశా, టైము రాశా. వచ్చిన పని: ఫోటోకి అనుమతి. ఎవరిని కలవాలి అన్నచోట గుండ్రంగా, పొందిగ్గా 'యాదగిరి గారు' అని రాసి ఇచ్చా.

కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. తల పంకించాడు.

"ఆయన ఇప్పుడు డ్యూటీల ఉన్నడు మేడం. జర కూసోండ్రి."

కూర్చున్నానండీ. మూడేళ్ళ సర్వీసుకి నాకు పర్మనెంట్ అయింది గేటు పక్కన ఆ ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే.