రెండుగా కనబడనివాడు

ముందు ఒకటి తేల్చుకుందాం. ఆ రోజు నా ఒంటి మీదకి ఏ దేవుడూ రాలేదు. విశ్వకర్మ భగవానుడు నా నోట పలికాడని క్యాంప్ 2 బస్తీలో మా వీధి వీధంతా చెప్పుకుంటోంది. పోయిన ఉంగరం ఎక్కడుందో చెప్పమని నిమ్మకాయ పట్టుకొచ్చినావిడని గుమ్మంలోంచే పంపేశాను. నేను బీఎస్సీ చదివాను. దయ్యాల్ని నమ్మను, పూనకాల్ని అంతకన్నా నమ్మను. జరిగింది జరిగినట్టు చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

నాకు షుగరుంది. వానాకాలంలో ఒక పొద్దున్న లేచేసరికి గోడ మీద క్యాలెండర్లు రెండయ్యాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ కనుగుడ్డు ముక్కు వైపుకి ఒరిగిపోయి ఉంది. ఎంత తిప్పినా చెవి వైపుకి రాదు. మా అత్తగారు గాలి సోకిందన్నారు, మంత్రం వేయించమన్నారు. నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

కంటిని బయటి వైపుకి లాగే కండరానికి ఒకే ఒక్క నరం ఉంటుందట. మెదడు నుంచి వచ్చేవాటిలో అది ఆరోది. షుగరు వల్ల దానికి రక్తం అందలేదు, కొన్ని నెలల్లో అదే కోలుకుంటుంది అన్నాడు. స్కాన్ తీయించాం, మెదడు శుభ్రంగా ఉంది. ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. రెండు కళ్ళూ చెరో వైపు చూస్తున్నాయి కాబట్టి ఒక వస్తువు రెండుగా కనబడుతుంది, ఎడమకి చూస్తే మరీ ఎక్కువ. ఏదో ఒక కన్ను మూస్తే ఒకటే అవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

విశ్వకర్మ పూజకి మా ఆయన పనిచేసే వర్క్‌షాపుకి, హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాకి, ఏటా ఇంటిల్లిపాదీ వెళ్తాం. ఆ రోజు పనుండదు. మెషిన్లకి బంతిపూల దండలు వేస్తారు. పూజయ్యాక శకునానికని క్రేన్ హుక్కుని ఒక్కసారి ఖాళీగా పైకెత్తి దించుతారు. బటన్ నొక్కేది మా ఆయనే. ఆడవాళ్ళం సరిగ్గా ఆ హుక్కు కిందే బరకం పరుచుకుని ప్రసాదం తింటాం. మిగతా రోజుల్లో హుక్కు కిందకి ఎవరొచ్చినా బూతులు తిట్టే మనుషులు, ఆ ఒక్క రోజు అక్కడ కూర్చుంటే మంచిదంటారు!

కంటికి డాక్టరు కట్టుకోమన్న పట్టీ నేను కట్టుకోలేదు. ఫోటోలు తీస్తారు కదా. దాంతో ఎడమ వైపు అన్నీ రెండు. రెండు లేత్‌లు, రెండు కొబ్బరికాయల బుట్టలు, ఇద్దరు ఆడపడుచులు. ఒకర్నే భరించలేం.

అటే, స్తంభం పక్కన ఖాకీ చొక్కా మనిషి నించున్నాడు. ఒక్కడే. స్తంభాలు రెండు, మనిషి ఒకడు.

నాకు భయం కాదు, చిరాకేసింది. ఇదెలా కుదురుతుంది? ఎడమ కన్ను మూశాను. స్తంభం ఉంది, మనిషి లేడు. తెరిచి కుడి కన్ను మూశాను. ఉన్నాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. ఒక్క కంటికే కనబడుతున్నాడు కాబట్టే ఒక్కడుగా ఉన్నాడు. అదీ నా చెడిన కంటికి.

చెయ్యి చాచి, అరచెయ్యి కిందకి పెట్టి అటూ ఇటూ ఊపుతున్నాడు. క్రేన్ వాళ్ళ భాషలో ఆపమని. టీవీ మోతలో మా ఆయన నాతో మాట్లాడేది ఆ సైగల్తోనే. అటు చూస్తే మా ఆయన బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆపండి!" అని అరిచాను.

"ఏటే, మతి పోనాదా?" అన్నాడు.

"ముందు చెయ్యి తియ్యండి. అక్కడెవరో వద్దంటున్నారు."

"ఏటొదినా, ఉన్నోళ్ళే ఇద్దరిద్దరు కనబడతన్నారు నీకు. ఇప్పుడు లేనోళ్ళు కూడానా?" అంది ఆడపడుచు. అందరూ నవ్వారు.

నేను లేచి, ఆవిడ రెక్క పట్టుకుని లేపాను. ప్లేటు పడింది, బూందీ చెల్లాచెదురైంది. షెడ్డు యజమాని "భాభీజీ, క్యా హువా?" అంటూ వచ్చాడు. మా ఆయన మొహం కందిపోయింది. నా మాట అబద్ధం చెయ్యాలన్న కోపంతోనే అందర్నీ పక్కకి జరిపించి బటన్ నొక్కాడు.

పైకెళ్ళిన హుక్కు ఆగాల్సిన చోట ఆగలేదు. పైన క్రేన్‌కి గుద్దుకుని ఇనప తాడు తెగింది, హుక్కు కిందపడింది. బరకం మీద మిగిలిన ప్లేట్లు నుగ్గయ్యాయి. తర్వాత చాలాసేపు మా ఆడపడుచు నా చెయ్యి వదల్లేదు.

అంతే. పూనకం లేదు, భగవంతుడు లేడు. ఆ షెడ్డులో ఎవరన్నా పోయారా అని నేనే ఆరా తీశాను. ఒక్కరూ లేరు. కాబట్టి ఆత్మల కథ కూడా నా దగ్గర చెల్లదు. డాక్టర్ని అడిగితే, ఉన్నదాన్ని రెండు చెయ్యడం వరకే ఈ జబ్బు పని, లేనిదాన్ని చూపించడం కాదన్నాడు.

కన్నిప్పుడు తిన్నగా ఉంది. మరుసటేడు పూజకి వెళ్ళి ఒక్కో కన్నూ మూసి ఆ స్తంభం వైపు చూశాను. స్తంభమే.

దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మనిషి, బటన్ పట్టుకున్న మా ఆయన వైపు చూడలేదు. తిన్నగా నా వైపే చూశాడు. అంతమందిలో తనని చూడగలిగే కన్ను నా దగ్గరుందని అతనికెవరు చెప్పారు?