చమ్కీకి లాడాలు కొట్టించిన రోజు

మా చిన్నప్పుడు మా వాకిట్లో గుర్రం ఉండేదంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు... "నానక్‌రామ్‌గూడలోనా? గుర్రమా?" అని నవ్వుతారు. నవ్వనీ. తెల్లటి ఆడగుర్రం... పేరు చమ్కీ. పెళ్లి బారాత్‌లకు వెళ్లేది. ఇంట్లో తాత, నాన్న, నేను... ముగ్గురమే. నాన్న షేరింగ్ ఆటో నడిపేవాడు. చమ్కీ బాగోగులు మాత్రం పూర్తిగా తాతవే.

చమ్కీకి లాడాలు ఉండేవి కావు. తాత కొట్టించనిచ్చేవాడు కాదు. రోజూ పొద్దున్నే ఊరి వెనక బండల మీద దాన్ని చాలాసేపు నడిపించేవాడు. వెనకాల నేను...

"రాళ్ల మీద నడిస్తేనే గిట్ట గట్టివడ్తది బిడ్డా. ఒక్కతాన కట్టేసి ఉంచితే మెత్తవడ్తది" అనేవాడు.

నెలకోసారి దాని కాలు తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, గిట్ట అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీసేవాడు. అడుగున ఇరుక్కున్న రాళ్లూ పేడా ఇనుప కొక్కెంతో తీసేవాడు. ఆ కొక్కెం అందించడం నా ఉద్యోగం! కొట్టంలో తడి కనిపిస్తే ఇంటిల్లిపాదికీ అక్షింతలే. ఇక పెళ్లివాళ్లు ముచ్చటపడి దానికి లడ్డూ పెట్టబోతే... అమ్మో!

"తీపి తింటే గిట్టలు ఖరాబైతయ్. దానికి ఎండుగడ్డి చాలు. జర జరుగుండ్రి!" అని పెళ్లికొడుకు తండ్రినైనా కసిరేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వైపు కొత్తగా సిమెంటు రోడ్డు పడింది. దాని మీద వేరే బారాత్ గుర్రాలు టకటకలాడుతూ వెళ్తుంటే వాడంతా వాకిళ్లలోకి వచ్చి చూసేది. మా చమ్కీ నడిస్తే చప్పుడే ఉండేది కాదు. "మీ గుర్రానికి చెప్పులు కొనే తాహత్ లేదా?" అని బడిలో పిల్లలు ఏడిపించారు. అదే వారం నాన్న నాకు బడికి నల్ల బూట్లు కొన్నాడు... నాకు బూట్లు ఉండి చమ్కీకి లేకపోవడమేంటని నా బుర్రలో పడింది.

తాత చుట్టాలింట్లో దినాలకని సంగారెడ్డి వైపు వెళ్లాడు. మూడు రోజులదాకా రాడు. సరిగ్గా అప్పుడే పక్క వాడకు లాడాలు కొట్టే మనిషి వచ్చాడు. ఇక చూడండి నా నాటకం... పొద్దున అన్నం ముట్టలేదు, మధ్యాహ్నం ముట్టలేదు.

"తాతకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనిస్తడానే?" అన్నాడు నాన్న. సాయంత్రానికి నేను వాడిపోయి పడుకుంటే, ఇక తట్టుకోలేక ఆ మనిషిని పిలుచుకొచ్చాడు.

నాలుగు కాళ్లకూ లాడాలు పడ్డాయి. చమ్కీ రోడ్డు మీద టకటకమంది. నేను చప్పట్లు కొట్టాను... ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాటికి అది ముందరి కుడికాలు నేల మీద ఆనించలేకపోయింది. ఒక మేకు లోపలి మెత్తటి కండదాకా దిగిందట. మూడో రోజు తాత వచ్చేసరికి గిట్ట వేడెక్కి కాలిపోతోంది. ఆయన సంచి కింద పడేసి, అక్కడే కూర్చుని, ఒక్కొక్క లాడమే ఊడదీశాడు. మేకు తీసిన చోట చీము కారింది.

"ఎవడు కొట్టియ్యమన్నడు?"

నేను తలుపు వెనక ఉన్నాను. నాన్న నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే కొట్టిచ్చిన నాయినా... బారాత్‌లు ఎక్కువొస్తయని" అన్నాడు.

తాత ఆ రోజు నుంచి నాన్నతో మాట్లాడటం మానేశాడు.

ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టించడం, గోనెపట్టా చుట్టడం... తాతా నేనూ ఇద్దరం అదే పని. చీము పోయింది, కుంటు మాత్రం మిగిలింది. "గిట్ట మన గోరు లెక్క బిడ్డా, పైనుంచి పెరుగుతది. ఆ మేకు బొక్క కిందికి దిగి అరిగిపోయిననాడు చమ్కీ మళ్ల బండలెక్కుతది" అన్నాడు తాత. నేను రోజూ వేళ్లతో కొలిచేదాన్ని. నాలుగు వేళ్లు... మూడు... అది నేలకు చేరగానే తాతకు నిజం చెప్పేయాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఇంకా రెండు వేళ్లు ఉందనగా బండల చుట్టూ బిల్డింగులు కట్టేవాళ్ల నీలం రేకులు లేచాయి. బండలు పగలగొట్టే పేలుళ్లు మొదలయ్యాయి. చమ్కీ బెదిరి కట్టుతాడు తెంపుకునేది. నడిపించడానికి చోటు లేదు, రోజంతా గచ్చు మీదే నిలబడేది. గిట్ట మళ్లీ మెత్తబడటం చూసి, తాత తనే శంకర్‌పల్లి వైపు చేలున్న తెలిసినాయనకు దాన్ని ఇచ్చేశాడు. ట్రాలీ ఎక్కించేటప్పుడు కూడా ఆకురాయి చేతిలోనే ఉంది. చివరిసారి అంచులు అరగదీసి పంపాడు.

చమ్కీయే వెళ్లిపోయాక ఇక నిజం చెప్పడానికి ధైర్యం రాలేదు. తాత పోయేదాకా, ఆరేళ్లు, తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో నా ద్వారా మాట్లాడుకున్నారు. "మీ నాయినకు చెప్పు"... "తాతను అడుగు"... నేను ఇద్దరి మధ్యా తిరుగుతూ నోరు మూసుకునే ఉన్నాను. పిరికిదాన్ని.

ఇప్పుడు ఆ బండలున్న చోటే మా ఆఫీసు. లోపలంతా నున్నటి గ్రానైటు, కాలు జారుతుంది. పోయిన ఆదివారం నాన్నను అడిగేశాను, "అప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని.

నాన్న టీ తాగుతూ తాపీగా అన్నాడు, "ఆయన కోపం నీకెర్కనే కద. నీతోని గూడ మాట బందు వెడితే... ఇగ ఇంట్ల ఎవరితోని మాట్లాడుతుండె మా నాయిన?"

నన్ను కాపాడాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాన్న కాపాడింది తాతను.

మీ తప్పును మీ ఇంట్లో ఎవరైనా ఇలా మోశారా? ఉంటే ఇక్కడ రాయండి... దానికంటే ముందు, వినాల్సినవాళ్లు ఇంకా ఉంటే, వెళ్లి వాళ్లకు చెప్పండి. నేను తాతకు చెప్పలేదు.